‘ద కిడ్’ని ముక్కలు చెయ్యకండి ప్లీజ్

ఈమధ్య రీల్స్‌లో చాప్లిన్ ‘ద కిడ్’ ముక్కలు తెగ తిరుగుతున్నాయి. అనాథాశ్రమం వాళ్ళు పిల్లాణ్ణి ట్రక్కులో ఎక్కించుకుపోతుంటే వాడు ఏడుస్తూ చేతులు చాపే సీన్, దానికో వయొలిన్, అంతే. ఇంకో పేజీ వాళ్ళేమో తన్నులాటలు, పడిపోవడాలు మాత్రమే ఏరి పెడతారు. నాకు నిజంగా బాధేస్తోంది, 1921లో వచ్చిన ఆ సినిమా మొదట్లో తెరమీద వచ్చే అక్షరాల కార్డులోనే నవ్వుంది, బహుశా ఓ కన్నీటి చుక్కా ఉంది అని చెప్పి మొదలెట్టారు కదా, రెండూ కలిపే.

మొదట్లో చూడండి, ట్రాంప్‌కి, అంటే చాప్లిన్ వేసే దేశదిమ్మరి పాత్రకి, చెత్త పక్కన పసిబిడ్డ దొరుకుతాడు. ఎవరో ఆవిడ పిల్లల బండిలో పెట్టబోతే తిట్టి పంపిస్తుంది, ఓ ముసలాయన చేతిలో పెట్టి పారిపోతే ఆయన తీసుకెళ్ళి మళ్ళీ అదే బండిలో పెడతాడు, దెబ్బలు మాత్రం మనవాడికి. చివరికి రోడ్డు పక్కన కూలబడి డ్రైనేజీ మూత ఎత్తి ఒక్క క్షణం లోపలికి చూస్తాడు. మనం నవ్వుతూనే ఉంటాం, కడుపులో మాత్రం చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది.

తర్వాత బిడ్డని తెచ్చి పెంచే ఆ గది. తాడుకి వేలాడే పాత కాఫీ కెటిల్, దాని ముక్కుకి పాలపీక. కుర్చీ మధ్యలో గుండ్రంగా కంత కోస్తాడు, కింద ఓ గిన్నె. జోకులే, కానీ ప్రతి జోకూ చేతిలో డబ్బుల్లేకపోవడం నుంచే పుట్టింది. చాప్లిన్‌కి అది తెలుసు, ఏడేళ్ళకే లండన్‌లో వర్క్‌హౌస్‌కి, అంటే దిక్కులేని పేదల్ని ఉంచే చోటుకి, పోయినవాడు. పైగా ఈ సినిమాకి కాస్త ముందు, 1919 జులైలో, ఆయన మొదటి బిడ్డ పుట్టిన మూడు రోజులకే చనిపోయాడు.

1971లో చాప్లినే మళ్ళీ ఎడిట్ చేసి, సొంతంగా మ్యూజిక్ కట్టి వదిలాడు, తల్లి సీన్లు కొన్ని తీసేశాడు గానీ ట్రక్కు సీన్ జోలికి పోలేదు.

ఆ సీనే రీల్‌లో ముద్దు దగ్గర ఆపేస్తున్నారు. ట్రాంప్ ఇళ్ళ కప్పుల మీద నుంచి పరిగెత్తుకొచ్చి ట్రక్కులోకి దూకి, ఆఫీసర్‌ని కిందకి తోసేసి, వణికిపోతున్న పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని ముద్దు పెట్టుకుంటాడు, మనకి కళ్ళు మసకబారతాయి. అప్పుడు డ్రైవర్ వెనక్కి చూసి భయంతో దిగి పరుగు. ఆగి తిరిగి చూసినప్పుడల్లా ట్రాంప్ వెంటపడుతున్నట్టు ఓ అడుగు వేసి బెదిరిస్తాడు, వాడు మళ్ళీ పరుగు. ఇంకా తడారని కళ్ళతోనే పకపకా నవ్వుతాం. ఆ కొన్ని సెకన్లు కూడా ఉంచండయ్యా.