మా అబ్బాయి క్లాసులోనేనా, కాదా?

"స్కూల్‌కు సంబంధించిన ఒకరికి కోవిడ్ పాజిటివ్ వచ్చింది. దగ్గరగా మెలిగినవారికి విడిగా తెలియజేశాం." 2021–22లో అమెరికాలో పిల్లల్ని బడికి పంపిన తల్లిదండ్రులకు ఇలాంటి ఈమెయిళ్లు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. ఏ క్లాసో చెప్పరు. ఆ మనిషి ఏ రోజు బడికి వచ్చారో చెప్పరు. రేపు పిల్లల్ని పంపాలో వద్దో అసలే చెప్పరు. స్కూల్ వాళ్లు తమ పని అయిపోయిందనుకుంటే, టెన్షన్ ఇళ్లలో మొదలైంది. కాసేపటికే వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికి తోచిన పేరు వాళ్లు అనేసుకున్నారు.

మళ్లీ ఏ మహమ్మారో వచ్చినా బడులు తెరిచి ఉండాలనే నేను కోరుకుంటాను. కానీ తెరిచి ఉంచాలంటే గాలి ఫిల్టర్లు, మాస్కులతో పాటు చదివితే అర్థమయ్యే లేఖలు కూడా కావాలి.

వివరాలు అడిగితే ప్రైవసీ అంటారు. పిల్లల రికార్డుల గోప్యతకు ఫెర్పా చట్టం ఉన్న మాట నిజమే. అయితే ఎవరన్నది గుర్తుపట్టే వీలు లేకపోతే, బడిలో కేసు వచ్చిందని తల్లిదండ్రులకు చెప్పొచ్చని ఫెడరల్ విద్యాశాఖ 2020 మార్చిలోనే స్పష్టం చేసింది. చిన్న క్లాసులో ఒక్కరే సెలవు పెడితే అందరికీ తెలిసిపోతుంది కాబట్టి అక్కడ జాగ్రత్త పడాల్సిందే. అలాగని ప్రతిసారీ అదే సాకు చెబితే ఎలా?

అంకెల సంగతి ఇంకో తలనొప్పి. "కేసులు రెట్టింపయ్యాయి" అని చదివితే గుండె గుభేలుమంటుంది. 1000 మంది ఉన్న బడిలో 2 కేసులు 4 అయినా రెట్టింపే, 40 కేసులు 80 అయినా రెట్టింపే. ఎంతమందిలో ఎంతమందికి వచ్చింది, ఏ వారంలో, పరీక్షలు పెంచడం వల్ల కూడా సంఖ్య పెరిగిందా? ఇవి చెప్పని అంకె భయపెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

అన్నిటికన్నా నమ్మకాన్ని దెబ్బతీసింది కారణం చెప్పకుండా నిబంధనలు మార్చడం. మాస్కులు పెట్టుకున్న తరగతుల్లో పిల్లల మధ్య దూరాన్ని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 మార్చి 19న 6 అడుగుల నుంచి 3 అడుగులకు తగ్గించింది. మాస్కులుంటే 3 అడుగుల దూరంలోనూ వ్యాప్తి పెద్దగా పెరగలేదని తేల్చిన అధ్యయనాలు దాని వెనుక ఉన్నాయి. దూరం తగ్గితే గదిలో ఎక్కువమంది పడతారన్నదీ నిజమే. ఈ రెండూ దాచకుండా రాస్తే సరిపోయేది. చాలా లేఖల్లో కొత్త అంకె ఒక్కటే ఉంది. దాంతో "సీట్లు చాలక తగ్గించారు" అన్న మాటే మిగిలింది. "ఇప్పటికి తెలిసింది ఇది, కొత్త విషయం తెలిస్తే మారుస్తాం" అని మొదటి లేఖలోనే చెప్పి ఉంటే, మార్పు వచ్చినప్పుడు జనం మోసపోయామనుకునేవారు కాదు.

అమెరికాలోని మన తెలుగు ఇళ్ల విషయానికొస్తే, పిల్లల కంటే పెద్దవాళ్ల గురించే బెంగ. కోవిడ్ పిల్లల్లో తీవ్రం కావడం అరుదు, వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మకో తాతయ్యకో షుగర్, బీపీ ఉంటాయి, పాత జబ్బులను పూర్తిగా కవర్ చేయని ఇన్సూరెన్సులే ఎక్కువ. లేఖలేమో పిల్లాడి గురించే మాట్లాడతాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఎన్ని రోజులు దూరంగా ఉంచాలి, ఎప్పుడు టెస్ట్ చేయాలి అన్న రెండు ముక్కలు అందులోనే ఉండాలి.

ఇంగ్లీషు సరిగా రాని తల్లిదండ్రులకు వాళ్లకు అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వడం ఇక్కడి ఫెడరల్ పౌరహక్కుల చట్టాల ప్రకారం బడుల బాధ్యత. మనలో చాలామందికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి తెలుగులో లేఖ కావాలని ఎవరూ అడగరు. తెలుగు సంఘాలే ముందుకొచ్చి అడగాలి. తెలుగులోకి మార్చాక మన డాక్టర్లలో ఒకరు దాన్ని చదివి సరిచూడాలి. ఎవరో చేసిన ఫార్వర్డ్ దానికి బదులు కాదు.

స్కూల్ బోర్డు సమావేశాల్లో మామూలుగా జనం మాట్లాడటానికి కాస్త సమయం ఇస్తారు. కేసుల హడావిడి లేనప్పుడే వెళ్లి అడగండి: వచ్చేసారి పంపబోయే లేఖ నమూనా తయారుగా ఉందా? భవనంలో గాలిలోని సన్నని కణాలనూ పట్టే ఎంఈఆర్‌వీ-13 ఫిల్టర్లున్నాయా? సీడీసీ 2023లో సూచించినట్టు గంటకు కనీసం 5 సార్లు గాలి మారుతోందా? "మా బడి సురక్షితం" అని ఊరుకుంటే, ఎలాగో చెప్పమనండి.