సవరణ: ఆకు వదిలే ఆక్సిజన్ నీటిది

మొక్కలు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో నిన్న రాస్తూ, ఆకు కార్బన్ డయాక్సైడ్‌ను విడగొట్టి అందులోని ఆక్సిజన్‌ను బయటికి వదిలేస్తుందన్నాను. అది తప్పు. ఆ ఆక్సిజన్ వేర్లు పీల్చిన నీటిలోది.

పత్రహరితం పట్టుకున్న వెలుతురు శక్తితో విడిపోయేది నీటి అణువే. అందులోని ఆక్సిజన్ పత్రరంధ్రాల గుండా గాలిలో కలుస్తుంది. హైడ్రోజన్ కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే పనిలో పడుతుంది.

నాకు కాస్త ఊరట ఏమిటంటే, ఒకప్పుడు శాస్త్రవేత్తలూ నాలాగే అనుకున్నారు. కొన్ని గంధకపు బ్యాక్టీరియాలు నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాడుకుని, ఆక్సిజన్‌కు బదులు గంధకం మిగల్చడం చూసి సూక్ష్మజీవుల శాస్త్రవేత్త వాన్ నీల్‌కు 1930ల్లో మొక్కల ఆక్సిజన్ నీటినుంచే వస్తుందేమోనన్న అనుమానం వచ్చింది. 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్-18 కలిసిన నీటిని క్లోరెల్లా అనే నాచుకు ఇచ్చింది. వెలువడిన వాయువులో అదే దొరికింది.

బడిలో నేర్చిన సమీకరణమే (6CO₂ + 6H₂O → C₆H₁₂O₆ + 6O₂) నన్ను పక్కదారి పట్టించింది. అందులో నీటి అణువులు 6, వాటిలో ఆక్సిజన్ పరమాణువులు 6. బయటికొచ్చేవి మాత్రం 12! కాబట్టి ఎడమవైపు 12 నీటి అణువులు రాసి, కుడివైపు 6 కొత్త నీటి అణువులు చూపాలి. నిన్నటి బొమ్మనూ అలాగే దిద్దాను.