ఈశాన్యంలో నీళ్లు

మే నెలలో, తిరుపతిలో, నీళ్లు వేడిచేసే పరికరం డబ్బిచ్చి కొన్న మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలనుకుంటే సాయంత్రం ఆరు తర్వాత మా ఇంటికి రండి, ఉంటాను.

అసలు గొప్పతనం అమ్మినవాడిది. బయట 41 డిగ్రీలు. అలిపిరి రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పుకు అంటుకుంటోంది. మా మేడ మీది ట్యాంకు నీళ్లతో మధ్యాహ్నం మొహం కడుక్కుంటే చర్మం చురుక్కుమంటుంది. అలాంటి ఊళ్లో, అలాంటి నెలలో, చేపల దుకాణం ఆయన నా కళ్లలోకి సూటిగా చూసి, "హీటరు లేకపోతే చేపలకు జలుబు చేస్తుంది సార్" అన్నాడు. నేను పర్సు తీశాను. అంతకు ముందు రాత్రే చదువుకున్నాను మరి: ఉష్ణమండలపు చేపలకు నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని. ఆ అంకెలు బుర్రలో తిరుగుతున్నాయే గాని, మా ఇంటి నీళ్లు వాటిని ఏప్రిల్‌లోనే దాటిపోయాయన్న సంగతి తిరగలేదు. చల్లార్చే ఉపాయం అడగవలసినవాణ్ని. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. మా ఊళ్లో ఎండాకాలం చేపకు కావలసింది హీటరు కాదు, తొట్టి మీదికి తిప్పిన ఒక చిన్న ఫ్యాను. ఫ్యాను ఆయన దుకాణంలో లేదు. హీటరు ఉంది. కాబట్టి చేపలకు జలుబు.

దీనికంతటికీ మూలం మా అబ్బాయి వేసవి సెలవులు. వాడు కుక్కపిల్ల కావాలన్నాడు, ఇంటి యజమాని వద్దన్నాడు, బేరం చేపల దగ్గర తెగింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టి. దాదాపు 56 లీటర్లు. నీళ్ల బరువే 56 కిలోలు, ఆపైన రాళ్లు, గాజు. ఒకసారి నింపాక దాన్ని జరపడం అనే మాట ఉండదు. అందుకే ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోవాలి. ఆ తేల్చడం ఒంగోలు నుంచి జరిగింది.

ఒంగోలులో మా పెద్ద మామయ్య ఉన్నారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. వాస్తు స్వయంకృషితో నేర్చుకున్నారు. "నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలి. ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్లది. ఇంకేమీ అడగకు" అని ఫోనులో తీర్పు చెప్పారు. బంగారు చేప పెరిగితే జానెడు దాటుతుందని, అది విసర్జించే చెత్త కూడా దాని పెరుగుదలకు తగ్గట్టే ఉంటుందని, అలాంటి తొమ్మిదింటికి రెండడుగుల ఇల్లు చాలదని చెప్పబోయాను. "శాస్త్రం" అన్నారు. చేపల సంగతి దాటవేసి దిక్కు మాత్రం ఒప్పుకున్నాను. మా హాల్లో ప్లగ్గు నైరుతిలో ఉంది. ఇల్లు కట్టినాయనకు విద్యుత్తుకూ వాస్తుకూ పడదు. పొడవాటి తీగ ఒకటి గోడ వెంబడి లాక్కొచ్చి, అది అందిన చోట, అంటే నేల మీద, గాలి పంపును పెట్టాం.

నేల మీద. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక చేపల ఎంపిక. దుకాణం ఆయన నియాన్ టెట్రాలు చూపించాడు. నీలం, ఎరుపు చారలతో మెరిసిపోతున్నాయి. అవి అమెజాన్ ప్రాంతపు చేపలనీ, మెత్తని నీళ్లు, అంటే సున్నం తక్కువున్నవి, కావాలనీ, మా బోరు నీళ్లు గిన్నెలో మరిగిస్తే తెల్లగా పొర కడతాయనీ, ఆ బోరు నీళ్లకు గప్పీ చేపలో మోలీ చేపలో అయితే సర్దుకుంటాయనీ చెప్పాను. "అమెజానో కొర్లగుంటో చేపకేం తెలుసు సార్" అన్నాడు. తర్వాత సక్కర్ చేప తీశాడు. గాజుకు పట్టిన పాచి అంతా తినేస్తుందట, కడిగే పనే ఉండదట. అది అడుగు దాటి పెరుగుతుంది కదా అన్నాను. "అందాకా బతకాలి కదా సార్" అన్నాడు. ఆయన వ్యాపారంలో నేను విన్న ఒకే ఒక నిజం అది.

చేపలు మాత్రం ఆ రోజు కొనలేదు. ఎందుకంటే, కొత్త తొట్టిలో చేపల్ని వెంటనే వదిలితే వాటి విసర్జనల నుంచి పుట్టే అమ్మోనియాయే వాటిని చంపుతుంది. ఆ అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది కొంతవరకు పరవాలేదు, మొక్కలు తీసుకుంటాయి, మిగిలింది నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ బాక్టీరియా గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టరులో స్థిరపడటానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు చేపల మేత వేసి, అది కుళ్లుతుంటే ఓపిగ్గా చూస్తూ ఉండాలి. హీటరు దగ్గర ఓడిపోయాను గాని ఇక్కడ గెలిచాను. ఆయన "ఇవాళే వేసేయండి సార్" అని ఎంత బతిమాలినా లొంగలేదు. దానికి ప్రతీకారంగా నీలి రంగు రాళ్లు, ప్లాస్టిక్ పగడం, బుడగలు వచ్చినప్పుడల్లా పెట్టె మూత ఎత్తే అస్థిపంజరం అంటగట్టాడు.

మొక్కలు నిజమైనవే తీసుకున్నాను: వాలిస్నేరియా, అనూబియాస్. రెండోదాన్ని లోతుగా పాతమన్నాడు. అనూబియాస్ దుంపను రాళ్లలో పాతితే కుళ్లిపోతుంది, రాయికి దారంతో కట్టాలి. కట్టాను. మొక్కలతో పాటు నత్తలు ఉచితంగా వచ్చాయి. ఆ దుకాణం నుంచి ఉచితంగా వచ్చినవి అవే.

ఆ విధంగా మా హాల్లో, ఈశాన్యంలో, చేపలు లేని చేపల తొట్టి వెలిసింది. ఎదురింటివాళ్లు వచ్చి గాజు మీద వేలితో కొట్టి, "చేపలేవి?" అనేవారు. "ఆయన బాక్టీరియా పెంచుతున్నారు" అని మా ఆవిడ, భర్త ఉద్యోగం మానేసిన సంగతి చెప్పే గొంతుతో చెప్పేది.

తిరుపతిలో ఇల్లున్నవాడికి బంధువుల కొరత ఉండదు. మామయ్య, అత్తయ్య దర్శనానికి వచ్చారు. మామయ్య తొట్టి ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. అస్థిపంజరం మూత ఎత్తింది, దించింది. "దిక్కు సరిగ్గా ఉంది. అందులో ఏముంది?" అన్నారు. చెప్పాను. "ఎల్లుండి నాగలాపురం తీసుకెళ్లు. వేదనారాయణస్వామి మత్స్యావతారంలో ఉంటాడు. అక్కడైనా చేపను చూస్తాను" అన్నారు.

రాత్రి అత్తయ్య సోఫా మీద పడుకున్నారు. మామయ్యకు నేల మీద పరుపు కావాలి, ఫ్యాను కింద కావాలి, తల తూర్పుకు ఉండాలి. ఇవన్నీ కుదిరే చోటు తొట్టికీ బాల్కనీ తలుపుకూ మధ్య ఒక్కటే ఉంది. రెండింటికి లేచి సర్వదర్శనం టోకెన్ల కోసం విష్ణునివాసం దగ్గర వరుసలో నిలబడాలని నిర్ణయం. పన్నెండు దాటాక గాలివాన వచ్చింది. కరెంటు పోయింది. కరెంటు ఆఫీసు ఫోను యథాప్రకారం ఎవరూ ఎత్తలేదు.

ఉక్కకు నాకు మెలకువ వచ్చింది. బాల్కనీలో ఏదో నీళ్ల చప్పుడు. వెళ్లి చూస్తే మామయ్య ఉన్నారు. నడుముకు తువ్వాలు, నోట్లో టార్చి వెలుగుతున్న ఫోను, చేతుల్లో బకెట్టులో ముంచి పిండుతున్న పంచె.

"ఈ వేళప్పుడు బట్టలు ఉతుకుతున్నారేమిటి మామయ్యా?"

ఆయన ఫోను నోట్లోంచి తీసి నా మొహం మీద వెలుగు వేశారు. "తలుపు వెయ్యి" అన్నారు. వేశాను. చిన్నప్పుడు భిన్నాల లెక్కలు తప్పు చేస్తే నా చెవి మెలిపెట్టిన చెయ్యి అది. ఆ చెయ్యి ఇప్పుడు పంచె కొసను తిప్పుతోంది, వదులుతోంది.

"మీ అత్తకు చెప్పకు" అన్నారు.

"ఏమిటి?"

"షుగరు వచ్చి ఆరేళ్లయింది. ఇలా మాత్రం ఎప్పుడూ జరగలేదు. పరుపు మొత్తం తడిసిపోయిందిరా."

అప్పటికి నాకు అర్థమైంది. అర్థమయ్యాక ఏమి చెయ్యాలో అర్థం కాలేదు. పెళ్లిలో అలిగిన మామయ్యను ఎలా బతిమాలాలో మనవాళ్లు నేర్పుతారు. ఆస్తి పంపకంలో అరిచే మామయ్య ముందు ఎలా తలవంచుకోవాలో నేర్పుతారు. అర్ధరాత్రి తువ్వాలుతో నిలబడిన మామయ్యకు మేనల్లుడు ఏమి చెప్పాలో ఏ ఇంట్లోనూ నేర్పలేదు. "వయసన్నాక ఇవన్నీ మామూలే మామయ్యా" అన్నాను. "వయసేమిటి? నాకు అరవై ఆరే" అన్నారు. గొంతులో పాత మాస్టారు లేచారు. ఆ గొంతుకు నాకు ఇప్పటికీ బుద్ధి పనిచెయ్యదు. నోటికొచ్చింది అనేశాను.

"నాకూ అప్పుడప్పుడు అవుతుంది మామయ్యా."

టార్చి మళ్లీ నా మొహం మీదికి వచ్చింది. ఈసారి అక్కడే ఆగింది.

"నీకా?"

"ఊఁ."

"ఎప్పటినుంచి?"

"పోయిన సంక్రాంతి నుంచి" అన్నాను. సంక్రాంతి ఎందుకు వచ్చిందో నాకు తెలియదు.

"వారానికి సగటున?"

లెక్కల మాస్టారికి వివరాలు కావాలి. సగటు చెప్పాను. ఆయన దాన్ని మనసులో ఏదో హెచ్చవేసుకుని, నిట్టూర్చి, తడి చెయ్యి నా భుజం మీద వేశారు. ఆ చెయ్యి నా భుజం మీద పడటం పుట్టాక అదే మొదలు. తర్వాత ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. ఒంగోలు ఇంట్లో మెట్లు ఈశాన్యంలో వచ్చాయట. వాస్తులో అంతకు మించిన దోషం లేదట. మేస్త్రీ తొందరపెడితే ఊరుకున్నారట. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ దిక్కులు చెబుతూ, తన ఇంటికి ఎవరు వచ్చినా వెనక వాకిలి నుంచి తీసుకెళుతున్నారట. ఈ సంగతి అత్తయ్యకు కూడా తెలియదట. మెట్లు ఎక్కడున్నాయో ఆవిడకు తెలియకుండా ఎలా ఉంటుందని అడగబోయాను.

అంతలో నా అరికాలికి చల్లగా తగిలింది.

కిందికి చూశాను. తలుపు కిందినుంచి సన్నగా నీళ్లు వచ్చి నా పాదం చుట్టూ చేరుతున్నాయి. మామయ్య టార్చి కిందికి దించి చూశారు. నెమ్మదిగా పైకెత్తి నన్ను చూశారు. ఆ చూపులో ఉన్న జాలిని నేను ఈ జన్మలో మరిచిపోను.

"మరీ ఇంతగానా?" అన్నారు.

లోపలికి పరుగెత్తి ముందు మెయిన్ ఆపాను. తొట్టిలో నీళ్లు నాలుగు వేళ్లు దిగి ఉన్నాయి. గాలి గొట్టం కొసన పంపు నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది. పంపు నడుస్తున్నంతసేపూ గాలి నీళ్లను తోసి ఉంచుతుంది. కరెంటు పోగానే నీళ్లు గొట్టంలోకి ఎదురెక్కుతాయి. తొట్టిని అంచుదాకా నింపి ఉంటే ఒక్కసారి ఆ అంచు దాటితే చాలు, పంపు కింద ఉంది కాబట్టి ఇక వాటంతట అవే దిగుతూ ఉంటాయి. దిగినవి గచ్చు వాలు వెంట పోతాయి. ఈ ఇల్లు కట్టినాయన బాత్రూములో కూడా పెట్టని వాలు మా హాల్లో, సరిగ్గా పరుపు మీదుగా బాల్కనీకి పెట్టాడు.

ఇదంతా మామయ్యకు గొట్టం పట్టుకుని చూపించి చెప్పాను. నీళ్ల మట్టం చూపించాను. ఆయన పూర్తిగా విన్నారు. "నువ్వు మంచివాడివిరా. నా పరువు కాపాడటానికి ఎంత కథ అల్లావు" అన్నారు.

దర్శనం బాగా జరిగిందట.

దుకాణానికి వెళ్లి అడిగాను. పంపును నీటి మట్టానికి పైన పెట్టాలట. లేదా గొట్టం మధ్యలో వేలెడంత నాన్ రిటర్న్ వాల్వ్ తగిలిస్తే నీళ్లు వెనక్కి రావట. వెల 20 రూపాయలు. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదన్నాను. "మీరు అడగలేదు సార్. అడిగినవన్నీ ఇచ్చాం కదా" అన్నాడు. నేను హీటరు అడగలేదు. అస్థిపంజరం అసలే అడగలేదు. ఈ సంగతి నేను గొంతు పెంచి చెబుతుంటే ఆయన, నీళ్లు పోయిన పంపు ఇక పనికిరాదని చెప్పి, కొత్తది ఒక గొట్టానిది కావాలా రెండు గొట్టాలది కావాలా అని అడిగాడు.

మొన్న ఒంగోలు నుంచి అత్తయ్య మా ఆవిడకు ఫోను చేశారు. మామయ్య తన సంగతి ఏమీ చెప్పలేదు. నాది చెప్పారు. సంక్రాంతి నుంచి అనీ, వారానికి సగటు ఎంతో కూడా చెప్పారు. రాత్రి ఏడు దాటాక నాకు మంచినీళ్లు ఇవ్వవద్దని అత్తయ్య సలహా. మా అమ్మకు కూడా తెలిసింది. నిన్న పార్సిల్ వచ్చింది. నువ్వులూ బెల్లమూ కలిపి కట్టిన ఉండలు, డబ్బా నిండా. అబ్బాయికి ఒకటి ఇవ్వబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని, మూత మీద అంటించిన కాగితం చూపించింది. మామయ్య చేతిరాత. పూటకు రెండు చొప్పున, డబ్బా ఏ తేదీకి అయిపోవాలో లెక్క వేసి, కింద గీత గీసి పంపారు.