లడ్డు తినడం లేదు

మా అమ్మను భయపెట్టేవి ఈ లోకంలో రెండే. ఒకటి పాము, రెండోది ఇంట్లో ఎవరైనా తిండి మానేయడం. టెక్సస్‌లో మా ఇంటికి వచ్చాక ఆ రెండూ ఆమెకు ఒకే గాజుపెట్టెలో కనిపించాయి. అంతే, రెండో భయం మొదటిదాన్ని మింగేసింది.

నిజానికి పెట్టెలు రెండు. బాల్ పైథాన్లను జంటగా ఒకే చోట ఉంచకూడదని మా అమ్మాయి పట్టుబట్టి రెండు కొనిపించింది. ఘనా, టోగో, బెనిన్ దేశాల వైపు పాములివి. విషం లేదు. పూర్తిగా పెరిగినా అయిదడుగులు దాటడం అరుదు. బెదిరితే తలను లోపల దాచుకుని ఉండ చుట్టుకుంటాయి కాబట్టే ఆ పేరు. మావి ఇంకా పిల్లలు, ఒక్కొక్కటి వంద గ్రాములు అటూ ఇటూ. చుట్టుకునే తీరును బట్టి ఒకదానికి లడ్డు, రెండోదానికి జంతిక అని అమ్మాయే పేర్లు పెట్టింది.

“కొండచిలువను ఇంట్లో ఉంచితే జైలు కదరా?” అన్నారు నాన్న. మన దేశపు కొండచిలువ విషయంలో అది నిజమే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. ఇది ఆఫ్రికాదనీ, టెక్సస్‌లో దీనికి అనుమతి పత్రం అక్కర్లేదనీ చెప్పాను. ఆయన విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. పత్రం అక్కర్లేని వ్యవహారం ఏదైనా ఆయనకు అనుమానమే.

ఇక మేత. చచ్చిన ఎలుకపిల్లలను గడ్డకట్టించి అమ్ముతారు. అమ్మ కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు కాబట్టి మా ఆవిడ ముందుచూపుతో గరాజులో చిన్న ఫ్రీజరు పెట్టించింది. అందులో ఏముందో అమ్మకు తెలుసు. అయినా పేరెత్తదు, ‘గరాజు సరుకు’ అంటుంది.

అమ్మానాన్నలు రాకముందు రెండూ వారానికోసారి శుభ్రంగా తినేవి. వాళ్లు దిగాక జంతిక ఎలుకను చూసి మొహం తిప్పుకుంది. లడ్డు అసలు తలే బయటపెట్టలేదు. మర్నాటి నుంచి మా ఇంట్లో పొద్దుటి పలకరింపు “లడ్డు తిన్నదా?” అయింది. కాఫీ తాగారా అని నన్నడిగే వాళ్లు లేరు.

పిల్లలకు అన్నం పెట్టడంలో అమ్మకున్న విద్యలన్నీ బయటికొచ్చాయి. గాజు దగ్గర కూర్చుని “తినమ్మా, నా తల్లి కదూ” అని బతిమాలింది. తినకపోతే పక్కింటి పిల్లి వచ్చి తినేస్తుందని బెదిరించింది. ఈ పాముకు కావలసింది ఏకాంతం. ఒళ్లు ఆనుకునేంత ఇరుకైన దాగుడు గూడు ఉండాలి, చీకటి పడాలి, ఎవరూ తొంగి చూడకూడదు. తెలుగు ఇంట్లో తినేవాడి మీద నలుగురు వాలకుండా ఆపడం ఎవరి తరం?

“ఇవి నెలల తరబడి తినకపోయినా బతుకుతాయి నాయనమ్మా” అని అమ్మాయి ధైర్యం చెప్పబోయింది. అది పెద్ద పాముల సంగతి, పిల్లల విషయంలో అంత నిశ్చింత పనికిరాదని దానికీ తెలుసు. అందుకే వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి వారం వారం గ్రాముల్లో బరువు రాసుకుంటోంది. అమ్మను మళ్లించడానికి ఇంకో కథ చెప్పింది. సెయింట్ లూయిస్ జూలో 62 ఏళ్లు దాటిందనుకునే బాల్ పైథాన్ 2020లో 7 గుడ్లు పెట్టిందట, అంతకుముందు కనీసం 15 ఏళ్లుగా దాని దగ్గరికి మగపాము వచ్చిందే లేదట. “కుంతీదేవి!” అని అమ్మ చెంపలు వేసుకుంది. “మన ఆంధ్రాలో సర్కారు ఉద్యోగులకు రిటైర్మెంటు ఇచ్చే వయసు అది. దానికి ఆ వయసులో పురుడా!” అని నాన్న నిట్టూర్చారు.

ఈలోగా నాగుల చవితి వచ్చింది. అమెరికాలో పుట్ట దొరకదని ఏటా ఫోనులో బాధపడే అమ్మకు ఈసారి దేవుడే ఇంట్లో కొలువున్నాడు. చలిమిడి, చిమ్మిలి, ఆవుపాలు సిద్ధమయ్యాయి. పాములు పాలు తాగవనీ, తాగినా అరగవనీ అమ్మాయి వాదించింది. చివరకు రాజీ కుదిరింది. పాలు పెట్టె బయటే, లోపల మంచినీళ్లే. అగరొత్తులు మాత్రం వద్దంటే వద్దంది. పాములకు ఊపిరితిత్తుల జబ్బు వస్తే ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరుచుకుని ఎగశ్వాస, ఇక డాక్టరు దగ్గరికి పరుగే. పొగ వాటికి పడదు. అమ్మ సరేనంది.

పొగ వద్దన్న మాట అగరొత్తులకే పరిమితమని ఆమె అర్థం చేసుకుందని ఆ రాత్రి తెలిసింది. పిల్లలిద్దరూ ఇన్నాళ్లుగా తినకపోవడానికి కారణం దిష్టి అని తేలిందట. చవితి పూట చూడవచ్చిన వాళ్లు “ఎంత ముద్దుగా ఉన్నాయో” అన్నారు కదా! ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి రెండు పెట్టెల చుట్టూ తిప్పి, పొయ్యి మీద పెనంలో వేసింది. దిష్టి లేకపోతేనే ఘాటెక్కువ వస్తుందంటారు. ఆ లెక్కన మా పాములకు రవ్వంత దిష్టి కూడా లేదు. పైకప్పు మీది పొగ గంటలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. మా ఆవిడ దగ్గుతూ కిటికీలు తెరిచింది, నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరాను, అమ్మాయి పెట్టెలను తన గదిలోకి చేర్చి తలుపు కింద దుప్పటి దోపింది. ఇంత గోలలోనూ నాన్న పైకి చూసి, “ఇన్ని గంటలు ఎందుకురా, ఒకటి చాలదా?” అన్నారు.

మర్నాడు సరీసృపాలను చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఒంటి మీద నల్లటి చుక్కల్లాంటి పేలు లేవు, ఊపిరి బాగుంది, నోరు బాగుంది. లడ్డు కళ్లు నీలంగా మసకబారాయి, కుబుసం విడవబోతోంది, ఆ రోజుల్లో ఎలాగూ తినదు, పెట్టెలో తేమ కాస్త పెంచమంది. మరి జంతిక? “వేడి ఎంత?” అని అడిగింది. ఒకవైపు 32 డిగ్రీలు, చల్లటివైపు 26, రోజూ స్కూలు నుంచి రాగానే చూస్తానంది అమ్మాయి. “రాత్రి?” అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి థర్మామీటరు వెనక ఉన్న చిన్న మీట నొక్కితే గత 24 గంటల కనిష్ఠం కనిపించింది. వేడివైపున 19 డిగ్రీలు. అంత చలిలో పాముకు తిన్నది అరగదు, అరగదని తెలిసి అది తినదు. అందరి చూపులూ నెమ్మదిగా నాన్న వైపు తిరిగాయి.

నాన్నకు నిద్రపోయే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులు కట్టేయడం ఉద్యోగం నాటి అలవాటు. పాముల అడుగున ఉండే వేడి పట్టాల స్విచ్చులు కూడా రాత్రి కట్టేసి, తెల్లవారాక మళ్లీ వేస్తున్నారు. “రెండూ కలిపి 40 వాట్లు. రోజంతా ఉంచితే దాదాపు ఒక యూనిట్” అన్నారు తొణక్కుండా. “రాత్రి నిద్రపోయే వాటికి కరెంటు ఎందుకు?” అవి రాత్రి మేలుకునే జీవాలని మనవరాలు చెప్పింది. ఆయన చాలాసేపు ఆలోచించి, “అయితే అత్యవసర సేవల కింద రాయాలి” అన్నారు.

అక్కడి నుంచి ఆయన్ను పట్టలేకపోయాం. నోటుపుస్తకంలో గీతలు గీసి గంటగంటకూ ఉష్ణోగ్రత, తేమ నమోదు చేయడం మొదలుపెట్టారు. స్విచ్చుల మీద ‘ముట్టరాదు’ అని చీటీ అంటించారు. మేత రోజున గరాజు సరుకును ముందు రాత్రే ఫ్రిజ్‌లో కరగబెట్టి, సాయంత్రం సంచిలో పెట్టి వేడినీళ్లలో ఉంచి, పసిపిల్ల పాలసీసా చూసినట్లు మణికట్టుకు ఆనించి చూసేదీ ఆయనే. మైక్రోవేవులో పెడితే పేలుతుందని ఎవరో చెప్పగా విని మా ఆవిడ మైక్రోవేవుకు కూడా ఒక చీటీ అంటించింది.

ఆ రాత్రి దీపాలు తీసేసి అందరం గుమ్మం అవతల నిలబడ్డాం. అమ్మాయి పొడుగాటి పట్టకారుతో ఎలుకను చూపించింది. జంతిక పెదవుల మీది గుంటలతో ఆ వేడిని పసిగట్టిందేమో, తల తిప్పింది, ఆగింది, ఒక్క ఉదుటున పట్టి చుట్టేసింది. “పట్టింది!” అని అమ్మ అరవబోతే మా ఆవిడ నోరు మూసింది. లడ్డు కుబుసం ఒక్క ముక్కగా విడిచాక దాని వంతూ సవ్యంగా జరిగింది. తిన్న రెండు రోజుల దాకా ముట్టుకోకూడదు, కదిపితే కక్కేస్తుంది అని చెప్పినా, పిల్లకు వీపు తట్టి త్రేన్పు తెప్పించకుండా ఎలా పడుకోబెడతారని అమ్మ గొణిగింది.

ఆదివారం తెనాలి నుంచి పిన్ని ఫోను చేసింది. పిల్లలు ఎలా ఉన్నారని అడిగితే అమ్మ తృప్తిగా చెప్పింది: “పెద్దదానికి ఏం పెట్టినా ఎక్కదు. చిన్నవాళ్లిద్దరూ మాత్రం బంగారాలు, వారానికోసారి పెడితే చాలు, నమలకుండా మింగేసి పడుకుంటారు.”

అవతల కాసేపు చప్పుడు లేదు. తరువాత పిన్ని నాతో విడిగా మాట్లాడాలంది.