నాగవల్లి శాపమూ, నా తలకాయా!

‘హారర్ సినిమాల జోలికెళ్లిన వాళ్ల గతి ఇంతే’ అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. పుర్రె బొమ్మలూ, చివర్లో ‘నమ్మితే నమ్మండి’ అనే తోకా షరా మామూలే. ఇన్నాళ్లూ చూసీచూడనట్టు వదిలేశాను. ఈసారి ఇంజినీర్లూ డాక్టర్లూ ఉన్న గ్రూపులో కూడా ‘నిజమే కదా’ అంటూ దండాలు పెడుతుంటే ఒళ్లు మండింది.

అందులో ఉన్నవి ఐదు ముక్కలు. తెలుగులో హారర్ ‘అరుంధతి’తోనే పుట్టిందట. దెయ్యం సినిమా తీసిన దర్శకుడు మళ్లీ లేవడట. దెయ్యం పట్టిన వేషం వేస్తే హీరోయిన్‌కు ఆ తర్వాత పెద్ద సినిమాలు రావట. అలాంటి నటనకు అవార్డులు కూడా ఇవ్వరట. అన్నిటికీ మించి, ‘చంద్రముఖి’ కథలోని నాగవల్లి పాత్రను ముట్టుకున్నవాళ్లను శాపం వదలదట. దానికి సాక్ష్యం, ఆ కథనే కన్నడంలో తీసిన ‘ఆప్తమిత్ర’లో నటించిన సౌందర్య, విష్ణువర్ధన్.

మొదటిదాని మీద టైమ్ వేస్ట్ చేయను. విఠలాచార్య ‘జగన్మోహిని’ 1978లో వచ్చింది, వర్మ ‘రాత్రి’ 1992లో వచ్చింది, ‘అరుంధతి’ 2009లో. అంతే.

హీరోయిన్లకు పెద్ద సినిమాలు రావన్నది రాసిన మహానుభావుడు ‘బాహుబలి’ చూసి ఉండడు. లేదా అందులో దేవసేన మన ‘అరుంధతి’ అనుష్కే అని ఆయనకు ఇంకా తెలియదు. 2007లో ‘చంద్రముఖి’ కథకు హిందీ రూపమైన ‘భూల్ భులయ్యా’లో అదే పూనకం పాత్ర వేసిన విద్యాబాలన్‌కు, తర్వాత ‘డర్టీ పిక్చర్’తో జాతీయ అవార్డు వచ్చింది. ‘చంద్రముఖి’ తర్వాత జ్యోతిక కనబడకుండా పోయిందని కూడా రాశారు. ఆవిడ 2006లో పెళ్లి చేసుకుంది, పిల్లల్ని పెంచుకుంది, 2015లో తిరిగొచ్చింది. ఆ పెళ్లి కూడా చంద్రముఖి పనే అంటే పాపం సూర్య ఏమనుకోవాలి?

అవార్డుల సంగతికి రేవతి ఒక్కరు చాలు. ‘రాత్రి’లో దెయ్యం పట్టిన అమ్మాయి ఆవిడే. ఆ తర్వాత మెగాఫోన్ పట్టుకుని 2002లో ‘మిత్ర్’ తీశారు. అందులో నటించిన శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. శోభనకు అది రెండోది. మొదటిది దేనికనుకున్నారు? 1993 నాటి మలయాళ ‘మణిచిత్రతాళు’కి, అంటే సాక్షాత్తూ ఒరిజినల్ నాగవల్లికి! ఇక రేవతి విషయానికొస్తే, ‘రాత్రి’ వచ్చిన ముప్పై ఏళ్లకు మలయాళంలో ‘భూతకాలం’ అనే ఇంకో హారర్ సినిమా చేశారు. డిప్రెషన్‌తో కుంగిపోతూ, కొడుకుతో కలిసి ఒక ఇంట్లో నలిగిపోయే తల్లి పాత్ర. దానికి కేరళ రాష్ట్ర ఉత్తమ నటి అవార్డు ఇచ్చారు. మన దగ్గరికొస్తే 2014 నాటి ‘గీతాంజలి’కి అంజలి నంది తీసుకుంది. ఇంకా కావాలా?

దర్శకుల దగ్గర మాత్రం ఆ మెసేజ్‌తో నేను సగం ఒప్పుకుంటాను. 2003లో ఒక్క పాట లేకుండా ‘భూత్’ తీసి, ఊర్మిళతో అంత చేయించిన వర్మ, ఆ తర్వాత అదే ఇంట్లో అదే కెమెరా తిప్పుతూ ఉండిపోయాడు. ‘ఫూంక్’ నాటికి హాల్లో ఒంటరిగా కూర్చుని చూస్తే 5 లక్షలిస్తానని ప్రకటనలు ఇచ్చే దాకా వచ్చింది. వర్మ అభిమానిగా ఈ మాట అనడం నాకు కష్టమే. కానీ ‘రాత్రి’కీ ‘భూత్’కీ మధ్యలో ‘సత్య’, ‘కంపెనీ’ తీసింది కూడా ఆయనేగా? కాబట్టి దెబ్బ కొట్టింది దెయ్యం కాదు, తీసిందే తీయడం. కోడి రామకృష్ణ అయితే దర్శకుడైన ఇరవై ఏడేళ్లకు ‘అరుంధతి’ తీసి కుర్ర దర్శకులకు చెమటలు పట్టించారు. ‘ఆనందో బ్రహ్మ’ తీసిన మహి వి రాఘవ్ తర్వాతి సినిమా మమ్ముట్టితో ‘యాత్ర’. ‘భూతకాలం’ తీసిన రాహుల్ సదాశివన్ తర్వాతి సినిమా కూడా మమ్ముట్టితోనే, ‘భ్రమయుగం’. దెయ్యం సినిమా తీస్తే మమ్ముట్టి డేట్లు దొరుకుతాయని ఇంకో మెసేజ్ తయారు చేసుకోండి, ఇంతకన్నా నయంగా ఉంటుంది.

ఇక ఆ శాపం. ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వు రాదు, అసహ్యం వేస్తుంది. 2004 ఏప్రిల్ 17న సౌందర్య, ఆవిడ అన్న అమర్‌నాథ్ ఎన్నికల ప్రచారం కోసం బెంగళూరు నుంచి కరీంనగర్ బయల్దేరారు. జక్కూరులో చిన్న విమానం పైకి లేచిన కాసేపటికే కూలింది. అందులో ఉన్న నలుగురూ పోయారు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకే రోజు పోతే, దానికి పుర్రె బొమ్మ పెట్టి ‘షేర్ చేయండి’ అంటారా? ఆవిడ చివరిసారి బయల్దేరింది మన ఊళ్లో మీటింగుకి. కనీసం మనమన్నా ఈ పని చేయకూడదు.

పైగా ఆ నాగవల్లి కథలో అసలు దెయ్యమే లేదు మహాప్రభో! ‘చంద్రముఖి’లో భర్త వెళ్లొద్దన్నాడని జ్యోతిక మంచాన్ని ఒంటి చేత్తో లేపే సీను గుర్తుందా? కళ్లు ఇంతింత చేసి, గొంతు మార్చి అరుస్తుంది. భర్త గట్టిగా పేరు పెట్టి పిలవగానే మళ్లీ మామూలు గంగ అయిపోయి, ఏం జరిగిందో తెలియక దిక్కులు చూస్తుంది. అది మానసిక జబ్బని రజనీకాంత్ సినిమాలో విడమరిచి చెబుతాడు. మలయాళంలో మోహన్‌లాల్ అదే చెప్పాడు, కన్నడంలో విష్ణువర్ధన్ అదే చెప్పాడు. దెయ్యం లేదని మూడు భాషల్లో మొత్తుకున్న కథకే దెయ్యం శాపం అంటగట్టారంటే, మీరు ఇంటర్వెల్లో లేచి వెళ్లిపోయారన్నమాట.

విష్ణువర్ధన్ 59 ఏళ్ల వయసులో గుండెపోటుతో పోయారు. గుండెపోటుకు నాగవల్లి ఎందుకు? అదే డాక్టర్ వేషం వేసిన మోహన్‌లాల్, రజనీ, అక్షయ్ కుమార్ ఇప్పటికీ సినిమాలు చేస్తూనే ఉన్నారు. శాపానికి వాళ్ల అడ్రస్ దొరకలేదా?

అసలు ఆ కథను పట్టుకుని ‘ఆప్తమిత్ర’, ‘చంద్రముఖి’, ‘ఆప్తరక్షక’, ‘నాగవల్లి’, చివరికి 2023లో ‘చంద్రముఖి 2’ కూడా తీసింది పి.వాసు. శాపమే ఉంటే ముందు ఆయన్ని కదా పట్టుకోవాలి? ఆ ఆఖరిది టికెట్ కొనుక్కుని చూసిన మనల్ని మాత్రం పట్టుకుంది. అది ఒప్పుకుంటాను.