పవర్ సప్లైని ఆపే కోడ్ ముందు రాయండి

కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం, మా ప్రయోగశాలలో ఒక మోటార్ డ్రైవర్ బోర్డుకు 5 వోల్టుల నుంచి 15 వోల్టుల దాకా మెట్టు మెట్టుగా సరఫరా పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా కరెంటును నమోదు చేసే పైథాన్ ప్రోగ్రామ్‌ను నడవనిచ్చి మేమంతా ఇళ్లకు వెళ్లిపోయాం. చివరి మెట్టు దగ్గర మల్టీమీటర్ గడువులోగా జవాబివ్వలేదు. కొలత పరికరాలతో మాట్లాడడానికి పైథాన్‌లో వాడే పైవీసా లైబ్రరీ దానంతట అది పెట్టుకునే గడువు 2 సెకన్లే. మీటర్‌ను నిదానంగా సగటు తీసేలా అమర్చితే ఒక్కొక్క రీడింగుకు అంతకంటే ఎక్కువ సమయం పట్టవచ్చు. టైమౌట్ ఎర్రర్‌తో ప్రోగ్రామ్ ఆగిపోయింది. పవర్ సప్లై మాత్రం ఆగలేదు. తనకు చివరగా అందిన ఆదేశాన్నే పాటిస్తూ తెల్లవార్లూ 15 వోల్టులు ఇస్తూ ఉండిపోయింది. పొద్దున తలుపు తీసేసరికి గదినిండా కాలిన వాసన, బల్ల మీద నల్లబడిన బోర్డు. ఆ మంట పక్కనున్న కాగితాలకు అంటుకోకపోవడం మా అదృష్టం.

ఆనాటి నుంచి విద్యార్థులకు ఒకే మాట చెబుతున్నాను: పవర్ సప్లైని నడిపే కోడ్ కంటే ముందు దాన్ని ఆపే కోడ్ రాయాలి. ప్రోగ్రామ్ ఆగితే దాని పని కూడా ఆగిపోతుందన్న నమ్మకం మనకు కంప్యూటర్ నేర్పిన అలవాటు. పవర్ సప్లై వేరే యంత్రం. కంప్యూటర్ పని చేస్తోందో, మూగబోయిందో అది పట్టించుకోదు. కాబట్టి పైథాన్‌లో ట్రై రాసిన వెంటనే, మధ్యలో ఎర్రర్ వచ్చినా చివర్లో నడిచే ఫైనల్లీ భాగం రాసి, అందులో అవుట్‌పుట్ ఆఫ్ చేసే ఆదేశం పెట్టిన తరువాతే తక్కిన పని మొదలుపెట్టాలి.

ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడు చాలామంది నెపాన్ని కంప్యూటర్‌ను పరికరాలతో కలిపే జీపీఐబీ కేబుల్ మీదికి నెడతారు. అది అన్యాయమని నా అభిప్రాయం. హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ 1960ల చివర్లో రూపొందించగా, 1975లో ఐఈఈఈ 488 ప్రమాణంగా వెలువడిన ఈ బస్‌లో, అంటే పరికరాలన్నీ పంచుకునే తీగల మార్గంలో, వింటున్న పరికరాల్లో అన్నింటికంటే నెమ్మదైనది కూడా అందుకున్నానని చెప్పేదాకా తరువాతి బైటు కదలదు. అంత జాగ్రత్తగా ఆదేశాన్ని చేరవేసే తీగను నిందించే ముందు, మనం పంపిన ఆదేశం ఏమిటో, దానికి పరికరం ఏమన్నదో చూసుకున్నామా?

సాధారణంగా చూసుకోం. పరికరాలకు ఆదేశాలివ్వడానికి 1990లో వచ్చిన ఎస్‌సీపీఐ భాషలో వోల్టేజీ ఆదేశాన్ని పొట్టి రూపంలో వోల్ట్ అనో, నిండు రూపంలో వోల్టేజ్ అనో రాయాలి. మధ్యలో ఎక్కడో తుంచి పంపితే పరికరం దాన్ని పాటించదు. అయితే ఆ సంగతి మన ప్రోగ్రామ్‌కు దానంతట అది చెప్పదు. మైనస్ 113 అనే సంఖ్యతో తన ఎర్రర్ వరుసలో రాసుకుని ఊరుకుంటుంది. మనం అడిగితేనే చెబుతుంది. ముఖ్యమైన ప్రతి ఆదేశం తరువాతా ఆ వరుసను చదవని ప్రోగ్రామ్‌ను నేను పూర్తయిన ప్రోగ్రామ్‌గా ఒప్పుకోను.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది మరొకటి ఉంది. వోల్టేజ్ ఎంత అని అడిగితే పవర్ సప్లై చెప్పేది మనం పెట్టిన విలువ. నిజంగా బయటికి వస్తున్నది తెలియాలంటే మెజర్ ఆదేశంతో అడగాలి. బోర్డులో షార్ట్ ఉండి, సప్లై కరెంటు పరిమితిని తాకి, 12 వోల్టులకు బదులు 3 వోల్టులే ఇస్తున్నా, మొదటి ప్రశ్నకు మాత్రం 12 అనే జవాబిస్తుంది. ఆ 12ను గ్రాఫులో వేసి ఫలితమని చూపించిన ప్రాజెక్టు నివేదికలను నేను స్వయంగా చూశాను. మెజర్ చేసినా సరిపోదు. సప్లై తన టెర్మినల్స్ దగ్గరి విలువనే చెబుతుంది కాబట్టి, 2 ఆంపియర్లు పారే తీగలకు మొత్తం 0.1 ఓమ్ నిరోధం ఉంటే బోర్డుకు 0.2 వోల్టులు తక్కువే అందుతాయి. అందుకే బోర్డు దగ్గరి వోల్టేజీని సప్లైకి తెలిపే రిమోట్ సెన్స్ తీగలను బోర్డు దాకా తీసుకెళ్లి కలపాలి.

ఫైనల్లీ ఒక్కటే మనల్ని కాపాడదన్న సంగతి కూడా చెప్పాలి. అప్‌డేట్ పేరుతో కంప్యూటర్ రాత్రిపూట దానంతట అది రీస్టార్ట్ అయినా, కేబుల్ ఊడినా ఆ ఆదేశం సప్లైకి చేరనే చేరదు. ఓవర్ వోల్టేజ్ పరిమితిని, కరెంటు పరిమితిని అవుట్‌పుట్ ఆన్ చేయకముందే పరికరంలోనే అమర్చడం తప్పనిసరి. అయినా ఆ రాత్రి మా బోర్డును ఈ పరిమితులు కాపాడేవి కావు, ఎందుకంటే 15 వోల్టులు మేము కోరుకున్న విలువే. ఆ బోర్డు దాన్ని కొద్ది నిమిషాలు తట్టుకోగలదు గానీ రాత్రంతా కాదు. కొన్ని మోడళ్లలో, నిర్ణీత సమయం పాటు కంప్యూటర్ నుంచి మాట రాకపోతే అవుట్‌పుట్‌ను తీసేసే వాచ్‌డాగ్ ఉంటుంది. అది లేని సప్లైకి గోడ ప్లగ్గు దగ్గరే టైమర్ పెట్టాలి.

ఇప్పుడు విద్యార్థి తన ప్రోగ్రామ్ చూపించడానికి వస్తే, నేను ముందు కోడ్ చదవను. బోర్డుకు బదులుగా కరెంటు తీసుకునే డమ్మీ లోడ్ కలిపి, ప్రోగ్రామ్ నడుస్తుండగా కేబుల్ పీకేసి, సప్లై మీద అవుట్‌పుట్ దీపం ఎంతసేపటికి ఆరుతుందో ఇద్దరం కలిసి చూస్తాం.