వలస సంచిలో ఫిట్స్ మాత్రలు

ఊళ్లో ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే ఇప్పటికీ ముందు తాళాల గుత్తి కోసమే వెతుకుతారు. మూర్ఛ చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం చేతిలో పెట్టిన ఇనుముకు వస్తుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఆ పూటకు చేయాల్సింది ఇంతే. మిగతాదంతా రోజూ వేసుకునే మాత్ర పని.

ఆ మాత్రలు నిన్న మొన్న వచ్చినవి కావు. ఫినోబార్బిటోన్ 1912 నుంచి, ఫెనిటాయిన్ 1938 నుంచి మూర్ఛకు వాడుతున్నారు. మందు సరిగ్గా పడితే 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మరి శ్రీకాకుళం జిల్లాలో ఈ మందు తెగిపోయేది ఎక్కడ? రైలెక్కే దగ్గర అని మా అభిప్రాయం. గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదకు వెళ్లే మత్స్యకారుడు నెలల తరబడి ఇంటిముఖం చూడడు. హైదరాబాద్‌కో చెన్నైకో భవనాల పనికి వెళ్లేవాళ్లూ అంతే. నెలకు సరిపడా మాత్రలే చేతిలో పెడితే రెండో నెల ఏం వేసుకోవాలి? పని పోతుందేమోనని మేస్త్రీకి చెప్పరు. మాత్ర ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ తిరగబెడతాయి, ఒక్కోసారి ఆగకుండా వస్తూ ప్రాణం మీదకు తెస్తాయి. నడి సముద్రంలో 108 రాదు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో మరో చిక్కుంది. కిడ్నీ దెబ్బతిన్నవారికి లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు డోసు తగ్గించి ఇవ్వాలి. పాత చీటీ చూపించి దుకాణంలో కొనుక్కునేవాళ్లకు ఈ మాట ఎవరు చెబుతారు?

ఆడపిల్లలదైతే ఇంకో బాధ. అత్తవారింట్లో తెలుస్తుందని మాత్రలు దాచుకుని మింగుతారు, లేదా మానేస్తారు. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా ఉన్న మూర్ఛ ప్రస్తావనను 1999లోనే తొలగించారు. పెళ్లిచూపుల్లో మాత్రం అది ఇంకా నడుస్తూనే ఉంది. ఫిట్స్‌కు వాల్‌ప్రొయేట్ అనే మందు వాడుతున్న అమ్మాయి గర్భం రాకముందే డాక్టరును కలవాలి, ఆ మందు కడుపులో బిడ్డకు హాని చేయగలదు. దాచుకున్న మాత్ర గురించి డాక్టరును అడిగేదెలా?

కొత్త పథకమేదీ మేము కోరడం లేదు. వలస వెళ్లేవారికి కనీసం మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వాలి. మందు పేరు, డోసు ఏ ఊరి డాక్టరైనా చదవగలిగేలా చీటీ మీద రాయాలి. ఎవరింట్లో ఎవరు ఎప్పుడు బయల్దేరతారో ఆశా కార్యకర్తకు తెలియనిది కాదు. రైలెక్కడానికి వారం ముందే ఆ పొట్లం ఇంటికి చేరాలి.